ఊపిరాడని ఇంజను

మా రాజుపాలెంలో పాత కారున్న ఇంటిని కనుక్కోవడానికి ఎవర్నీ అడగక్కర్లేదు. వాకిట్లో ముగ్గు పక్కన నల్లటి మరక ఒకటుంటుంది. మా ఇంటి ముందూ ఉండేది. నాన్న కొన్న 1968 మోడల్ మార్క్ టూ అంబాసిడర్ ఏడాదికి పదిహేను రోజులు తిరిగితే ఎక్కువ. పెళ్ళిళ్ళకీ, కోటప్పకొండ తిరునాళ్ళకీ బయటికొస్తుంది, మిగతా రోజులు రేకుల షెడ్డులో నిలబడి ఉంటుంది. రెండేళ్ళ కిందట ఆ మరక రూపాయి బిళ్ళంత నుంచి తాంబాళమంత అయింది. ఆయిల్ కారేది ఇంజనూ గేర్‌బాక్సూ కలిసేచోట, బెల్‌హౌసింగ్ అడుగున. క్లచ్ ప్లేటు తడిసి జారుతోంది. దూరాన ఒక షెడ్డుకి తీసుకెళ్తే వెనక సీలు పోయిందని గేర్‌బాక్స్ దించారు, సీలు మార్చామన్నారు, బిల్లు చేతికిచ్చారు. నెల తిరక్కుండా మళ్ళీ మరక. మళ్ళీ దించారు. ఆ ఇంజనుకి వెనక వైపు మార్చడానికి సీలంటూ ఏమీ ఉండదని నాకు తర్వాత తెలిసింది.

చివరికి మా ఊళ్ళోనే, ఒకప్పుడు జీపులు బాగుచేసిన పెద్ద మేస్త్రీ ఒకాయన వచ్చి కారు కింద పడుకున్నాడు. పానా అడగలేదు. కొబ్బరి చీపురులోంచి ఒక పుల్ల తెమ్మన్నాడు. ఇంజను పక్క నుంచి కిందికి వేలాడే ఇనప గొట్టం మూతిలోకి ఆ పుల్ల దూర్చి తిప్పితే మట్టి ఉండలు రాలాయి. వాటితోపాటు ఎండిపోయిన పచ్చపురుగులు నాలుగైదు. కుమ్మరిపురుగు గూడు. తర్వాత బానెట్ ఎత్తి చూస్తే రాకర్ కవర్ మీద ఎయిర్ క్లీనర్‌కి గొట్టం పోవాల్సిన చోట ఎవరో బోల్టు పెట్టి బిగించేసి ఉన్నారు. రెండు దారులూ బందు.

"ముక్కు మూసుకుపోతే నడుముకి కట్టు కడతన్నారేంది అబ్బాయా" అన్నాడు చేతులు తుడుచుకుంటూ.

పాత ఇంజన్ల ఆయిల్ లీకుల మీద మన దగ్గర నడిచే మాటలన్నీ ప్యాకింగుల చుట్టూ, సీళ్ళ చుట్టూ తిరుగుతాయి. ఈ రెండేళ్ళలో నాకు కుదిరిన అభిప్రాయం వేరు. ఇంజను విప్పే ముందు దాని కడుపులో ఒత్తిడి ఎంతుందో చూడాలి. అది చూడకుండా ప్యాకింగ్ మార్చడమంటే పొంగుతున్న పాలగిన్నె మీద మూత నొక్కిపట్టడమే.

ఆ ఒత్తిడి ఎక్కడిదంటే, పిస్టన్ రింగులు ఎంత కొత్తవైనా సిలిండరును పూర్తిగా మూసెయ్యలేవు. రింగు రెండు చివరల మధ్య సన్నటి సందు ఉండి తీరాలి, లేకపోతే వేడికి సాగి బిగుసుకుని విరుగుతుంది. ఆ సందుల్లోంచీ రింగుల పక్కలనుంచీ కొంత గ్యాస్ కిందికి, క్రాంక్ తిరిగే గదిలోకి జారుతుంది. పుస్తకాల్లో దీని పేరు బ్లో-బై. మన మేస్త్రీలు బ్యాక్ కంప్రెషన్ అంటారు. కాస్త లెక్క వేసుకుందాం. అంబాసిడర్‌లోని 1489 సీసీ ఇంజను నిమిషానికి 3000 చుట్లు తిరుగుతూ, యాక్సిలరేటర్ నిండా తొక్కి ఉంటే, నిమిషానికి సుమారు 2200 లీటర్ల గాలీ పెట్రోలు ఆవిరీ మింగుతుంది. నూటికి ఒక్క పాలు జారినా నిమిషానికి 22 లీటర్లు, అంటే ఇంటికొచ్చే మంచినీళ్ళ క్యాను కంటే ఎక్కువ. అరిగిన ఇంజనులో దానికి రెట్టింపో మూడింతలో. అదంతా ఎటోకటు పోవాలి కదా. దారి ఇస్తే దారిన పోతుంది, ఇవ్వకపోతే ఆయిల్‌ని వెంటబెట్టుకుని సందుల్లోంచి పోతుంది.

అంబాసిడర్ వెనక భాగంలో జరిగేది సరిగ్గా ఇదే. ఇంగ్లండులో బీఎమ్‌సీ కంపెనీ తయారుచేసిన బీ-సిరీస్ ఇంజను ఇది. ఉత్తరపారా ఫ్యాక్టరీలో హిందుస్థాన్ మోటార్స్ దశాబ్దాలపాటు దీన్నే తయారుచేసింది. క్రాంక్ షాఫ్ట్ వెనక కొసన రబ్బరు సీలుకి బదులు మరచుట్లలాంటి గాడి ఒకటి చెక్కి ఉంటుంది. షాఫ్ట్ తిరుగుతుంటే ఆ గాడి బయటికి రాబోయే ఆయిల్‌ని స్క్రూలాగా వెనక్కి, లోపలికి తోస్తుంది. ఇంజను లోపలి ఒత్తిడి బయటికంటే ఎక్కువ కానంతవరకే ఆ ఏర్పాటు పని చేస్తుంది. లోపల గాలి ఉబ్బితే గాడి ఓడిపోతుంది. పాత విల్లీస్ జీపు ఇంజనులో అదే చోట తాడు అల్లిక సీలు ఉంటుంది. దానిదీ అదే బలహీనత.

జారిన గ్యాస్ ఒత్తిడి పెంచి ఊరుకోదు. అందులో కాలని పెట్రోలు ఉంటుంది, మండిన పొగ ఉంటుంది, నీటి ఆవిరి ఉంటుంది. లీటరు పెట్రోలు మండితే దాదాపు లీటరు నీళ్ళు పుడతాయి. ఎక్కువ సైలెన్సర్‌లోంచి పోతుంది, కొంత ఆయిల్ గదిలోకి దిగుతుంది. పెట్రోలు ఆయిల్‌ని పలచన చేస్తుంది, నీళ్ళు పొగతో కలిసి పులిసి బేరింగులని తింటాయి. ధనుర్మాసంలో పొద్దున్నే పాత కారు ఆయిల్ మూత తీసి చూడండి, లోపలి వైపు మీగడలాంటి లేత గోధుమరంగు తెట్టు కనిపిస్తుంది. అది చూడగానే హెడ్ గాస్కెట్ పోయింది, నీళ్ళు కలిశాయని హెడ్ దించినవాళ్ళని నేను ఎరుగుదును. రేడియేటర్‌లో నీళ్ళు తగ్గకుండా, డిప్‌స్టిక్ మీద ఆయిల్ మామూలుగా ఉండి, మూత కిందనే తెట్టు కట్టిందంటే అది గాస్కెట్ జబ్బు కాదు, ఊపిరి జబ్బు.

రెంటచింతల ఎండలు కాసే సీమలో ఇంజనులో తేమేమిటని అడుగుతారు. ఆ తేమ ఆకాశం నుంచి రాదు, పెట్రోలు నుంచే వస్తుంది. ఇంజను బాగా కాగి, ఆయిల్ కూడా కాగి, అరగంట నడిస్తే ఆవిరై పోతుంది. షెడ్డులోంచి తీసి గుడి దాకా రెండు కిలోమీటర్లు పోయి మళ్ళీ లోపల పెట్టే కారులో ఆ అరగంట ఎప్పుడూ రాదు. అందుకే రోజూ తిరిగే టాక్సీ కంటే అపురూపంగా దాచుకున్న కారు లోపల ఎక్కువ కుళ్ళుతుంది.

ఇక్కడ ఒక తేడా గుర్తుంచుకోవాలి. బుల్లెట్ మోటారుసైకిలుకు సిలిండరు ఒక్కటే. 346 సీసీల పిస్టన్ కిందికి దిగిన ప్రతిసారీ అంత గాలినీ కింది గదిలో నొక్కుతుంది, పైకి పోయినప్పుడు లాగుతుంది. అందుకే దాని గొట్టానికి బాతు ముక్కులాంటి రబ్బరు వాల్వు పెట్టారు, గాలి బయటికి పోతుంది, లోపలికి రాదు. నాలుగు సిలిండర్ల కారు లెక్క వేరు. రెండు పిస్టన్లు దిగుతుంటే రెండు ఎక్కుతుంటాయి, కింది గదిలో చోటు మారదు. ఇక్కడ బయటికి పోవాల్సింది రింగులు దాటి వచ్చిన గ్యాస్ మాత్రమే. దాన్ని కడిగి తీసుకుపోవడానికి ఇంకో వైపు నుంచి తాజాగాలి రావాలి. బుల్లెట్ వాల్వు తెచ్చి అంబాసిడర్ గొట్టానికి తొడిగిన మిత్రుడొకడున్నాడు. నష్టం లేదు, లాభమూ లేదు.

తాజాగాలి లోపలికి, పాడుగాలి బయటికి. ఈ పని చేయించడానికి వాహనాలు తయారుచేసినవాళ్ళు పట్టిన దారులు ముఖ్యంగా రెండు, మూడోది ఆ రెంటి మధ్యన పుట్టింది.

అన్నిటికంటే పాతది వేలాడే గొట్టం. 1960ల మొదటి దాకా ప్రపంచంలో ఎక్కువ కార్లకి ఇదే. గొట్టం కారు కిందికి దిగి గాలి వాటంలో తెరుచుకుంటుంది. మూతి ఏటవాలుగా కోసి, ఆ కోత వెనక్కి చూసేలా పెడతారు. కారు పరుగెత్తుతుంటే కింద పారే గాలి ఆ మూతి నుంచి లాగుతుంది. తిప్పి బిగిస్తే లాగాల్సింది ఊదుతుంది; ఇంజను దించి ఎక్కించినప్పుడు ఈ పొరపాటు తేలిగ్గా జరుగుతుంది. బీ-సిరీస్ ఇంజన్లలో ఈ గొట్టం మానిఫోల్డు కింద, ఇంజను పక్క మూత నుంచి దిగుతుంది. కంపెనీ పుస్తకం ఆ పక్క మూతనే ట్యాపెట్ కవర్ అంటుంది. మన మేస్త్రీలు పైన ఉండే రాకర్ కవర్‌ని ట్యాపెట్ కవర్ అంటారు. పుస్తకం చదివి ఫోన్లో చెప్పే యజమానికీ, విని విప్పే మేస్త్రీకీ మధ్య ఈ ఒక్క మాట మీద నా ఎదుటే ఒక పూట పోయింది.

వేలాడే గొట్టానికి పెద్ద లోపం ఒకటే. గంటకి 40 కిలోమీటర్లు దాటితేగాని అది సరిగా లాగదు. మరి మన పాత కార్ల అసలు ఉద్యోగం ఏమిటి? పెళ్ళి ఊరేగింపు. ముందు బ్యాండు, మధ్యలో టపాకాయలు, వెనక పూలదండల అంబాసిడర్, మనిషి నడకకంటే నెమ్మదిగా రెండు గంటలు. ఇంజను ఆగదు, గాలి పారదు. గొట్టం నుంచి పొగ బద్ధకంగా లేచి గేరు రాడ్ దగ్గరి చిరిగిన రబ్బరు తొడుగులోంచి లోపలికొస్తుంది. పెళ్ళికూతురుకి తల తిరిగిందంటే నిద్ర లేదు, అన్నం తినలేదు అంటారు. ఆ పొగలో కార్బన్ మోనాక్సైడ్ కూడా ఉంటుంది, కాబట్టి ఆ రబ్బరు తొడుగు మార్చడం కూడా ఈ పనిలో భాగమే.

రెండో దారి యుద్ధం నుంచి వచ్చింది. రెండో ప్రపంచ యుద్ధంలో సైన్యం వాహనాలు వాగుల్లో, లోతు నీళ్ళలో దిగాల్సి వచ్చింది. కిందికి వేలాడే గొట్టం ఉంటే నీళ్ళు నేరుగా ఇంజనులోకే. అందుకని బయటికి తెరుచుకోకుండా, ఆ పాడుగాలిని ఇంజను చేతే మింగించారు. ఇన్‌టేక్ మానిఫోల్డులో ఉండే లాగుడుకి చిన్న వాల్వు ఒకటి అడ్డం పెట్టి కింది గదికి గొట్టం కలిపారు. పీసీవీ వాల్వు అని ఇప్పుడు ప్రతి కారుషాపులో దొరికేది దీని వారసుడే. విల్లీస్ జీపుకి అది ఉంది. స్వాతంత్ర్యం వచ్చిన కొత్తలో మహీంద్రా వాళ్ళు బొంబాయిలో బిగించడం మొదలెట్టిన జీపులు ఆ వంశమే. జీపు పాతది, అంబాసిడర్ కొత్తది అనుకుంటాం. ఊపిరి సంగతిలో తలకిందులు.

ఆ వాల్వు బొటనవేలంత ఉంటుంది. లోపల స్ప్రింగు, దాని ముందు చిన్న కాడ. ఇంజను ఖాళీగా తిరుగుతున్నప్పుడు మానిఫోల్డు లాగుడు ఎక్కువ. అది కాడని లాక్కుని దారి సన్నం చేస్తుంది. అప్పుడు జారే గ్యాసూ తక్కువే కాబట్టి సరిపోతుంది. యాక్సిలరేటర్ తొక్కితే లాగుడు తగ్గి, స్ప్రింగు కాడని వెనక్కి నెట్టి దారి పెద్దది చేస్తుంది. కార్బురేటర్‌లోకి మంట ఎదురుతన్నితే కాడ వెనక్కి కూర్చుని మూసేస్తుంది, లేకపోతే ఆ మంట ఆయిల్ గదిలోని పెట్రోలు ఆవిరికి అంటుకుంటుంది.

1950లలో లాస్ ఏంజెలెస్ మీద కమ్మే పొగమంచుకి కార్ల పొగే కారణమని హాగెన్-స్మిత్ అనే రసాయన శాస్త్రవేత్త తేల్చాక, ఈ జీపు ఉపాయం నగరాల్లోకి వచ్చింది. కారు వదిలే కాలని పెట్రోలు ఆవిరిలో దాదాపు అయిదో వంతు సైలెన్సర్ నుంచి కాకుండా ఈ వేలాడే గొట్టం నుంచే వస్తోందని తేలింది. 1961 మోడళ్ళతో కాలిఫోర్నియాలో మొదలై, 1963 మోడళ్ళకల్లా అమెరికా కార్లన్నిటికీ పీసీవీ వచ్చింది.

మూడో దారి పైపైన చూస్తే అమాయకం: రాకర్ కవర్ నుంచి ఎయిర్ క్లీనర్‌కి ఒక రబ్బరు గొట్టం. అంబాసిడర్‌కి వేలాడే గొట్టంతో పాటు ఇదీ ఉంటుంది. కారు పరుగెత్తుతున్నప్పుడు వడకట్టిన గాలి ఇందులోంచి లోపలికి వస్తుంది, నిలబడి ఉన్నప్పుడు పొగ ఇందులోంచే ఎదురుపోయి కార్బురేటర్ చేరుతుంది. మా కారుకి బోల్టుతో బిగించేసింది దీన్నే. కార్బురేటర్ జిడ్డవుతోందని చేసి ఉంటారు.

మరి అంబాసిడర్‌కి పీసీవీ పెట్టొచ్చా? పాత కార్లవాళ్ళు ఇద్దరు కలిస్తే ఈ తగవు రాకుండా ఉండదు. పెట్టకూడదనేవాళ్ళు అసలు రూపం చెడకూడదంటారు, ఈ ఇంజనుకి లాగుడు పడదంటారు. 2021లో కేంద్రం తెచ్చిన నిబంధనలు 50 ఏళ్ళు దాటిన వాహనాలకి నంబరులో 'వీఏ' అక్షరాలతో వేరే రిజిస్ట్రేషన్ ఇచ్చాక ఆ పట్టింపు ఇంకా పెరిగింది. పెట్టొచ్చనేవాళ్ళకి గట్టి సాక్ష్యం ఒకటుంది. ఇదే బీ-సిరీస్ ఇంజను పెద్దన్న ఎంజీబీ స్పోర్ట్స్ కారులో వాడారు. 1964లో కంపెనీయే దానికి వేలాడే గొట్టం తీసేసి మానిఫోల్డు మీద వాల్వు పెట్టింది. 1960ల చివరికి ఆ వాల్వుని కూడా వదిలేసి, కార్బురేటర్ ఒంట్లోంచే నెమ్మదైన లాగుడు తీసుకుంది. అంటే ఈ ఇంజనుకి లాగుడు పడదన్న మాట అబద్ధం.

అయినా నేను పెట్టలేదు. మారుతి వాల్వు ఒకటి తెచ్చి తగిలించెయ్యమని సలహా ఇచ్చేవాళ్ళకి కొదవలేదు, చవక కూడా. అది ఎనిమిది వందల సీసీల ఇంజను జారుడికి కొలిచి చేసిన వాల్వు. దాదాపు రెండింతల ఇంజనుకి, అదీ అరిగినదానికి చాలదు. పెద్ద వాల్వు పెడితే ఖాళీగా తిరిగేటప్పుడు గాలి ఎక్కువై ఇంజను వణుకుతుంది, కార్బురేటర్ మళ్ళీ సర్దాలి. వీటన్నిటికంటే నన్ను ఆపింది దుమ్ము.

మా పల్నాడులో ఈ ప్రశ్నకి జవాబు మారేది ఇక్కడే. ఇంజనులోంచి బలంగా లాగితే అంత గాలీ ఎక్కడినుంచో లోపలికి రావాలి. మా ఊరి మీదుగా పిడుగురాళ్ళ వైపు పోతుంటే సున్నపురాయి, సున్నం బట్టీల తెల్లదుమ్ము. పొలాల్లోకి మళ్ళితే నల్లరేగడి దుమ్ము. పత్తి లారీలు తిరిగే రోజుల్లో గాల్లో దూది పీచు. వేలాడే గొట్టం కారులో మూత ప్యాకింగ్ ఎండి పగిలినా పెద్దగా పీల్చదు. వాల్వు పెట్టిన కారులో అదే పగులు రోజంతా దుమ్ము తాగుతుంది. ఆ దుమ్ము ఎయిర్ ఫిల్టర్ దాటాల్సిన పనే లేకుండా నేరుగా ఆయిల్‌లో కలిసి క్రాంక్ బేరింగుల దాకా పోతుంది. జీపులో ఆయిల్ మూతా డిప్‌స్టిక్కూ ఒకటే ముక్క. ఎయిర్ క్లీనర్ నుంచి వడకట్టిన గాలి ఆ ఆయిల్ గొట్టంలోకే గొట్టంతో దిగుతుంది. మూత కింద ప్యాకింగ్ బిగుతుగా లేకపోతే ఆ వడపోతంతా వృథా. నేను చూసిన జీపుల్లో ఆ ప్యాకింగ్ ఉన్నవి తక్కువ. సైకిల్ ట్యూబు ముక్క కోసి వేసినవి కొన్ని, ఏమీ లేనివి ఎక్కువ. జీపు ఇంజను తొందరగా అరుగుతుందని పేరు పడటానికి ఆ చిన్న ప్యాకింగ్ లేకపోవడం ఒక కారణమని నా అనుమానం.

ఇప్పుడు కొలత. దీనికి ఖరీదైన మీటరేమీ వద్దు. తాపీ మేస్త్రీలు గోడల మట్టం చూసుకునే లెవలు గొట్టం చాలు. నిగనిగలాడే ఆ పారదర్శకపు గొట్టాన్ని ఆంగ్లాక్షరం యూ ఆకారంలో మడిచి, సగం రంగునీళ్ళు పోసి, ఒక కొస డిప్‌స్టిక్ రంధ్రంలో రబ్బరుతో బిగించాలి, రెండో కొస వదిలెయ్యాలి. మడత నేలకి దగ్గరగా, కొసలు ఎత్తుగా ఉంచాలి, నీళ్ళు ఇంజనులోకి పోకుండా. మా షెడ్డులో అలాగే చేశాం. ముందు రెండు దారులూ కావాలని మూసి స్టార్ట్ చేశాను. బయటి కొసలో నీళ్ళు మెల్లగా లేచి బెత్తెడు దాటాయి. మేస్త్రీ చెయ్యి ఊపగానే ఆపేశాను. రాకర్ కవర్ గొట్టం ఒక్కటే తెరిస్తే రెండు వేళ్ళ ఎత్తు. రెండూ తెరిస్తే రెండు వైపులా నీళ్ళు సమంగా నిలబడి, ఇంజను కొట్టుకున్నప్పుడల్లా సన్నగా వణికాయి. వెనక సీలు పేరుతో రెండుసార్లు గేర్‌బాక్స్ దించిన డబ్బు నాకు ఆ వణుకులో కనిపించింది.

జీపులో నీళ్ళు రెండో వైపుకి, అంటే ఇంజను వైపుకి కొద్దిగా లేవాలి, లోపల లాగుడు ఉంటుంది కాబట్టి. అసలు లేవకపోతే వాల్వు మూసుకుపోయింది. జానెడు ఎత్తుకు లేస్తే తాజాగాలి దారి మూసుకుపోయింది, ఇంజను తన దుమ్ము సందుల్లోంచే పీలుస్తోంది. దారులన్నీ శుభ్రంగా ఉండి కూడా ఒత్తిడి తగ్గకపోతే అప్పుడు రింగుల మీద అనుమానపడాలి. కంప్రెషన్ చూసి, ప్లగ్గు రంధ్రంలో చెంచాడు ఆయిల్ పోసి మళ్ళీ చూడాలి. అంకె పెరిగిందా, బోరు పని తప్పదు. ఏ ఊపిరి గొట్టమూ దాన్ని మాన్పదు.

మిగతా సంరక్షణ చిన్న పని, ఎవరూ చెయ్యరు. తీగ వల ఉన్న ఆయిల్ మూతలని కిరసనాయిలులో నానబెట్టి కడిగి, ఆరాక ఇంజను ఆయిల్‌లో ముంచి, చుక్కలు కారడం ఆగాక పెట్టాలి. పొడి వల దుమ్ముని పట్టుకోదు. పక్క మూత విప్పినప్పుడు దాని లోపలి జల్లెడలో గడ్డకట్టిన మడ్డి తియ్యాలి. వాల్వుని ఊపితే గలగలమనాలి. ఇంజను నడుస్తుండగా దాని గొట్టం నొక్కితే చప్పుడు మారాలి. గొట్టాలకి ఆయిల్ తట్టుకునే రబ్బరే వాడాలి. తోటకి నీళ్ళు పెట్టే గొట్టం ముక్క తొడిగితే ఆ వేడికి మెత్తబడి, నొక్కుకుపోయి, లోపల అతుక్కుపోతుంది, బయటికి బాగానే కనిపిస్తూ. ఆయిల్ మార్చడానికి కిలోమీటర్లు లెక్కపెట్టొద్దు. నిలబడి ఉండే కారుకి ఏడాదే లెక్క. గొట్టం నుంచి ఆయిల్ చుక్కలు పడుతున్నాయని కూల్‌డ్రింక్ సీసా కట్టేవాళ్ళు దానికి పైన బెజ్జం పెట్టడం మర్చిపోవద్దు. బెజ్జం లేని సీసాకీ బోల్టుకీ తేడా లేదు. గుడ్డ కట్టడం ఇంకా అన్యాయం.

కుమ్మరిపురుగు సంగతి మిగిలింది. గొట్టం మూతికి సన్నటి జాలీ కట్టేద్దామన్నాను. మేస్త్రీ ఒప్పుకోలేదు, ఆయిల్ తడికి దుమ్ము పట్టి నెలలో అదే గోడవుతుందన్నాడు. ఇప్పుడు కారు షెడ్డులో పెట్టగానే ఆ మూతికి బెండు బిరడా నొక్కుతాను. దానికి మూరెడు ఎర్ర రిబ్బను, ఆ రిబ్బను చివర కారు తాళంచెవి. బిరడా పీకకుండా కారు తియ్యడం కుదరదు. మొన్న తిరునాళ్ళకి బయటికి తీద్దామని కింద దూరితే, బిరడా అంచు చుట్టూ ఇంకా ఆరని తడిమట్టి కనిపించింది.